అమ్మకు మనసు బాగోలేకపోతే పిల్లలకు దిక్కెవరు?

రాయదుర్గం ప్రాంతంలోని ఓ పల్లెలో ఏడో తరగతి చదివే ఒక పాప రోజూ బడికి ఆలస్యంగా వచ్చేది. అయ్యవారు గుమ్మం బయటే నిలబెట్టేవారు. కారణం అడిగితే పాప నోరు విప్పేది కాదు. తెల్లవారక ముందే లేచి నీళ్ళు మోసి, తమ్ముడికి తల దువ్వి, అమ్మ చేత రెండు ముద్దలు సంగటి తినిపించి, మాత్ర మింగించి, నిజంగా మింగిందో లేదో నోరు తెరిపించి చూసుకుని మరీ ఆ పిల్ల బడికి వస్తున్నదని ఆయనకు ఆర్నెల్ల తర్వాత గానీ తెలియలేదు.

తల్లికి స్కిజోఫ్రెనియా. ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినిపిస్తాయి, అయినవాళ్ళ మీదే అనుమానం కలుగుతుంది. తండ్రి బెంగుళూరులో కట్టుబడి పనికి పోయి రెండు నెలలకొకసారి వస్తాడు. ఇంట్లో పెద్ద దిక్కు అవ్వ ఒక్కతే, ఆమెకు చూపు ఆనదు. ఆ విధంగా పన్నెండేళ్ళ పిల్లే ఇంటికి యజమాని అయింది.

"మా అమ్మ వద్దన్నా వినకుండా జాతరకు పోతిని. ఆ రాత్రే అమ్మకు మొదలాయె. నా వల్లనే కదన్నా?" అని ఆ పాప ఈ విలేఖరిని అడిగింది. ఇన్నేళ్ళుగా ఆ మాట ఎవరితోనూ అనలేదట. ఎవరూ అడగనూ లేదు.

ఇటువంటి ఇళ్ళలో పెద్దలు పిల్లల ఎదుట జబ్బు ఊసెత్తరు. చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు, తమకు తోచిన కారణం ఒకటి అల్లుకుంటారు. అది ఎక్కువగా తమ తప్పే అయి ఉంటుంది. అందుచేత మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది: "అమ్మకు వచ్చింది జబ్బు. నీ వల్ల రాలేదు. నీవు ఎంత బుద్ధిగా ఉన్నా దానంతట అది పోదు. మందు ఇచ్చే బాధ్యత పెద్దలది." ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు, అప్పుడప్పుడూ చెబుతుండాలి.

"పిచ్చిదాని కూతురు" అని తోటిపిల్లలు ఏడిపించడం మరొక బాధ. రాయడానికి సిగ్గుగా ఉన్నా, మేమూ చిన్నతనంలో మా ఊరి ఒక అభాగ్యురాలి వెంటబడి రాళ్ళు రువ్వినవాళ్ళమే. ఆమెకూ ఒక కొడుకు ఉండేవాడు. వాడు మా తరగతే. మధ్యలోనే బడి మానేశాడు. ఎందుకని మాలో ఒక్కడూ ఆలోచించలేదు.

ఆ ఇంటి పిల్లకు సంబంధం చూడడానికి కూడా జనం జంకుతారు. కాని తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే నూరుమంది పిల్లల్లో సుమారు పదిమందికే వచ్చే అవకాశం ఉంది. మిగిలిన తొంభైమందికి రాదు. ఇది అంటువ్యాధి అసలే కాదు.

ఇక మందుల సంగతి. మన పక్కనున్న బళ్ళారి జిల్లాలోనే 1980ల్లో బెంగుళూరు నిమ్హాన్స్ డాక్టర్లు ఒక ప్రయత్నం చేశారు. పల్లె వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి మానసిక రోగులకు దగ్గర్లోనే చికిత్స అందేటట్లు చూశారు. దానిని నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలయింది. రోజూ మాత్ర మింగించడం కష్టమయ్యే ఇళ్ళకు రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి వేసే ఇంజక్షన్లూ ఉన్నాయి. అందరికీ సరిపడతాయని కాదు, డాక్టరు చూసి నిర్ణయించాలి. కాని ఆ ఇంజక్షన్ విలువ ఏమిటో ఈ పాపను అడగాలి.

ఎందుకంటే ఆ ఊరి బడి ఏడుతో సరి. హైస్కూలు అయిదు కిలోమీటర్ల దూరం. "అది పోతే దాని అమ్మను ఎవరు చూస్తారు నాయనా? సంవత్సరం ఆగి పెళ్ళి చేస్తే సరి" అన్నది అవ్వ. ఆమెను తప్పుపట్టి లాభం లేదు, ఆమెకు తోచిన దారి అదొక్కటే.

దారి మరొకటి ఉన్నదని చూపినది ఆశా కార్యకర్త. తల్లిని ఆసుపత్రికి తీసుకుపోయి డాక్టరుతో ఇంటి పరిస్థితి అంతా చెప్పింది. ఇప్పుడు మాత్రలు తగ్గి నెలకొక ఇంజక్షన్ అయింది. ఆ తేదీ గుర్తుపెట్టుకునే పని ఆమెదే. తల్లి రెండు రాత్రులు వరుసగా నిద్రపోకుంటే, తనలో తాను మాట్లాడుకోవడం ఎక్కువైతే, తమ్ముణ్ణి తీసుకుని ఎదురింటి పెద్దమ్మ దగ్గరకు పోవాలని పాపకు చెప్పి ఉంచారు. పెద్దమ్మ ఆశాకు ఫోను చేస్తుంది. 14416కు చేస్తే తెలుగులోనే సలహా చెబుతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ టెలి మానస్‌కు డబ్బు కట్టనక్కరలేదు. పిల్లలకు ఆపద అయితే 1098.

తల్లిదండ్రులు పోషించలేని స్థితిలో ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏటా 72,000 మించరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. తిరగవలసి వస్తుంది, తిరగడం పెద్దల పని.

అయ్యవారు ఇప్పుడు గుమ్మం బయట నిలబెట్టడం లేదు. కస్తూర్బా బాలికా విద్యాలయంలో ఎనిమిదో తరగతి ఖాళీలు ఉన్నాయేమో కనుక్కుంటున్నారు. వారానికొకసారి అమ్మతో ఫోనులో మాట్లాడనిస్తారా అన్నదొక్కటే పాప ఆయనను అడిగిన ప్రశ్న.