ఇంటి కంప్యూటరుకు బ్యాకప్, డిస్క్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ ఎంపిక

కళింగపట్నంలో ఇల్లు ఉండి, ఆ ఇంట్లో ఒక కంప్యూటరు పెట్టుకుని దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నారనుకోండి. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను ఈ ఊరి దగ్గరలోనే తీరం దాటింది. అంతకు మూడేళ్ల ముందు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను ఇదే జిల్లాలో పలాస సమీపాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసింది. ఎన్నో గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను కబురు అందగానే పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు, టెన్త్ సర్టిఫికెట్లు పాలిథీన్ సంచిలో చుట్టి ఎత్తున పెట్టుకోవాలని ఈ తీరం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కంప్యూటరులో ఉన్న ప్రాజెక్టు నివేదిక, అసైన్‌మెంట్లు, పెళ్లి ఫొటోలు మాత్రం ఆ సంచిలోకి చేరవు.

నిజానికి తుఫానే రానక్కరలేదు. కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వస్తే చాలు, హార్డ్‌డిస్కు పాడు కావచ్చు. ఉప్పుగాలికి పరికరాలు తుప్పు పడతాయి. పైగా వైరస్‌లు ఉన్నాయి. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే రాన్‌సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఫైళ్ల నకలు, డిస్కు నకలు

ముందుగా రెండు మాటల మధ్య తేడా తెలుసుకుందాం. ఫైళ్ల బ్యాకప్ అంటే బీరువాలోని కాగితాలకు నకళ్లు తీసి వేరేచోట దాచడం. డిస్క్ ఇమేజ్ అంటే అరలు, తాళాలు సహా బీరువా మొత్తానికి నకలు తీయడం. ఇమేజ్‌లో విండోస్, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు, ఫైళ్లు అన్నీ ఉంటాయి. డిస్కు పాడైతే కొత్త డిస్కు బిగించి దాని మీదికి ఇమేజ్‌ను దించుకుంటే నకలు తీసిన నాటి కంప్యూటరు మళ్లీ చేతికి వస్తుంది.

ఫైళ్లు ఉంటే చాలదా, విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇంటి దగ్గర డీటీపీ చేసి నాలుగు రూపాయలు సంపాదించుకునే విద్యార్థులు మన అధ్యయన కేంద్రాలలో చాలామంది ఉంటారు. వారి కంప్యూటరులో పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ట్యాలీ, ఒక పాత ప్రింటరు డ్రైవరు ఉంటాయి. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థం లేని అక్షరాల వరుస కనిపిస్తుంది. ఫైలు భద్రంగానే ఉన్నా పనికిరాదు. అటువంటి కంప్యూటరుకు ఇమేజ్ తప్పనిసరి. కేవలం వర్డ్ ఫైళ్లు, ఫొటోలు ఉన్నవారికి ఇమేజ్ ఉంటే మంచిదే కానీ వారి ప్రాణం ఫైళ్ల నకలులోనే ఉంది.

ఎంపికకు గీటురాయి

సాఫ్ట్‌వేరును ఎంచుకునేటప్పుడు చాలామంది నకలు ఎంత వేగంగా తీస్తుంది, తెర ఎంత బాగుంది అని చూస్తారు. తిరిగి తేవడం ఎలా అన్నది ముందు చూడమని నా సలహా. కంప్యూటరు అసలే ఆన్ కాని రోజున ఈ సాఫ్ట్‌వేరు ఏం చేయగలదు? విండోస్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాగలదా? బూట్ అయ్యాక మీ డిస్కునూ, నకలు ఉన్న యూఎస్‌బీ డిస్కునూ గుర్తుపట్టగలదా? తీసిన ఇమేజ్ చెడిపోలేదని సరిచూసే సౌకర్యం ఉందా? ఇమేజ్ మొత్తం దించకుండా ఒక్క ఫైలును బయటికి తీసుకోవచ్చా?

మరొక ప్రశ్న చాలామందికి తట్టదు. ఈ సాఫ్ట్‌వేరు ఐదేళ్ల తరువాత ఉంటుందా? మన కంప్యూటరు మెకానిక్కులు నేటికీ ‘ఘోస్ట్ వేయడం’ అంటుంటారు. ఆ మాట న్యూజిలాండ్‌లో పుట్టిన ఘోస్ట్ అనే ప్రోగ్రాం నుంచి వచ్చింది. దానిని 1998లో సిమాంటెక్ సంస్థ కొన్నది, 2013లో నార్టన్ ఘోస్ట్ అమ్మకం ఆగిపోయింది. ఇళ్లలో ఎంతోమంది వాడిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత కూర్పుకు 2024 జనవరి 1తో మద్దతు ముగిసింది. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సౌకర్యాన్ని మైక్రోసాఫ్ట్ 2017లోనే ఇకపై అభివృద్ధి చేయని జాబితాలో చేర్చి, వేరే సాఫ్ట్‌వేర్ వాడుకోమని సూచించింది. కంట్రోల్ ప్యానెల్‌లో అది ఇంకా కనిపిస్తున్నా దాని మీదే ఆధారపడకండి. ఒక సాఫ్ట్‌వేర్ తీసిన ఇమేజ్‌ను సాధారణంగా అదే చదవగలదు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లను ఇమేజ్‌లో మాత్రమే కాక, ఏ కంప్యూటరైనా తెరవగలిగే మామూలు ఫోల్డరుగా కూడా మరోచోట ఉంచండి.

ఇప్పుడు పేర్లు చెబుతాను. తైవాన్‌లో తయారైన క్లోనెజిల్లా ఉచితం, దాని మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వాడాలి. డిస్కులో వాడిన భాగాన్ని మాత్రమే చదువుతుంది కనుక 500 జీబీ డిస్కులో 120 జీబీ మాత్రమే నిండి ఉంటే ఇమేజ్ కూడా అంతకు మించదు, కుదింపు వల్ల ఇంకా తగ్గుతుంది. దానికి రెండు పరిమితులున్నాయి. మామూలు పద్ధతిలో కొత్త డిస్కు పాతదానికి సమానంగా గానీ పెద్దదిగా గానీ ఉండాలి. మారిన భాగాన్ని మాత్రమే చేర్చే ఇంక్రిమెంటల్ పద్ధతి లేదు, ప్రతిసారీ మొత్తం తీయాలి. తెర కూడా పాతకాలపు నీలం తెర, అందులో డిస్కులు ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ అనే పేర్లతో కనిపిస్తాయి. ఏది ఏదో డిస్కు పరిమాణం చూసి పోల్చుకున్నాకే ముందుకు వెళ్లండి. పునరుద్ధరణలో గమ్యం తారుమారైతే ఉన్నదీ చెరిగిపోతుంది. ఇది కంగారుగా ఉంటే రెస్క్యూజిల్లా తీసుకోండి. మౌస్‌తో నడుస్తుంది, క్లోనెజిల్లా ఇమేజ్‌లను కూడా చదువుతుంది.

ప్రతిరోజూ దానంతట అదే నకలు తీయాలనుకునేవారికి వీమ్ ఏజెంట్ ఉచిత కూర్పు నప్పుతుంది. మీరు పని చేసుకుంటుండగానే నకలు తీస్తుంది. విండోస్‌లోని షాడో కాపీ అనే సేవ ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ నిశ్చల చిత్రాన్ని చదువుకుంటుంది. మొదటిసారి మొత్తం, ఆ తరువాత మారిన భాగం మాత్రమే తీస్తుంది. ఒక్క ఫైలును వెనక్కు తీసుకునే వీలుంది. అయితే ఇంక్రిమెంటల్ నకళ్లు గొలుసు వంటివి, మధ్యలో ఒక లంకె చెడితే తరువాతివి పనికిరావు. అప్పుడప్పుడు కొత్తగా పూర్తి నకలు తీయడం అందుకే. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లకు ‘క్రాక్’ వేసి వాడే అలవాటు మన దగ్గర ఉంది. కంప్యూటరులోని ప్రతి అక్షరాన్నీ చదివే ప్రోగ్రాంను అటువంటి చోటు నుంచి తెచ్చుకోవడం దొంగకు తాళంచెవి ఇవ్వడమే.

తాళం, దూరం, పరీక్ష

కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 మీకు తెలియకుండానే డిస్కును బిట్‌లాకర్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి ఉండవచ్చు. అప్పుడు క్లోనెజిల్లాకు వాడిన భాగమేదో తెలియదు, మొత్తం డిస్కును నకలు తీస్తుంది, ఇమేజ్ భారీగా పెరుగుతుంది. కంప్యూటరు మార్చినా, బోర్డు పాడైనా 48 అంకెల రికవరీ కీ లేకుండా లోపలివి తెరుచుకోవు. దానిని మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసి, ఆ సర్టిఫికెట్ల సంచిలోనే పెట్టండి.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. తీరంలో ‘దూరం’ అనే మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పక్కింట్లో పెడితే నీరు రెండిళ్లలోకీ వస్తుంది. ఉపాధికి హైదరాబాదు వెళ్లిన అన్నయ్య దగ్గరో, రాజాంలోని అత్తవారింట్లోనో ఒక డిస్కు ఉంచి, పండుగకు వచ్చినప్పుడు మార్చుకోవచ్చు. చిన్న ఫైళ్లకు గూగుల్ ఖాతాలోని 15 జీబీ చాలు. ఒక్కటి మరవకండి, సింక్ అయ్యే ఫోల్డరులో ఫైలు చెరిపితే అక్కడా చెరుగుతుంది.

ఇంట్లోని డిస్కును పని అయ్యాక తీసివేయండి. తగిలించి ఉంచితే రాన్‌సమ్‌వేర్‌కు, పిడుగుపాటుకు అది కూడా దొరుకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెడితే ఉప్పుగాలి తగలదు. ఇమేజ్ తీసేటప్పుడు, దించేటప్పుడు ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ అయి ఉండాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి.

మన తీరానికి అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్ల కాలం కనుక సెప్టెంబరు మొదట్లో ఒక పూర్తి ఇమేజ్ తీయండి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది, విండోస్ 11కు మారబోయేవారు మారే ముందు ఒకటి తీసుకోవాలి. తీసిన తరువాత సరిచూడమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి. ఆపైన రికవరీ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును బూట్ చేసి డిస్కులు కనిపిస్తున్నాయో లేదో చూడండి. పాత డిస్కు ఏదైనా ఉంటే, అసలు డిస్కును విప్పి పక్కన పెట్టి, దాని మీదికి ఇమేజ్‌ను నిజంగా దించి చూడండి. ఈ పరీక్షలో గెలిచిన సాఫ్ట్‌వేరే మీకు నమ్మదగినది, దాని పేరు ఏదైనా సరే. ఆ తరువాత డబ్బా మీద కాగితం అంటించి తేదీ, కంప్యూటరు మోడల్, సాఫ్ట్‌వేర్ పేరు, కూర్పు సంఖ్య రాయండి, బూట్ పెన్‌డ్రైవ్‌ను కూడా అదే డబ్బాలో వేయండి.