బట్టలు, దీపపు నూనె: వరంగల్ ప్రాంతంలో నాటి కొనుగోళ్లు

ఈ భాగం చదివిన తర్వాత, ఒక ఇంటి కొనుగోళ్లను బట్టి ఆ ప్రాంత ఆర్థిక జీవనంలో వచ్చిన మార్పును మీరు వివరించగలుగుతారు.

1. పరిచయం

నూరేళ్ల క్రితం వరంగల్ చుట్టుపక్కల రైతు ఇంటికి తిండిగింజలు చాలావరకు సొంత చేను నుంచే వచ్చేవి. బట్టకు మాత్రం మరొకరి చేతిపని కావాలి. దీపపు నూనె విషయంలో కూడా కాలక్రమంలో ఇతరులపై ఆధారపడవలసి వచ్చింది. అందువల్ల ఈ రెండు వస్తువులను పరిశీలిస్తే, ఊరికీ బజారుకూ మధ్య సంబంధం ఎలా మారిందో తెలుస్తుంది.

2. ఊరిలోనే దొరికిన కాలం

పద్మశాలీలు బట్ట నేసేవారు, మేరవారు రవికలు, అంగీలు కుట్టేవారు, గాండ్లవారు గానుగలో నూనె తీసేవారు. ఈ పనులకు ప్రతిఫలం తరచుగా ధాన్యం రూపంలో, పంట ఇంటికి వచ్చాక ముట్టేది. కొత్తబట్టలు ఏ దసరాకో, పెండ్లికో తప్ప దొరికేవి కావు.

దీపానికి ఎక్కువగా ఆముదం వాడేవారు. గింజలను వేయించి, దంచి, నీళ్లలో మరిగిస్తే నూనె పైకి తేలుతుంది. దీనినే వంటాముదం అంటారు. ఇది ఇంట్లోనే తయారయ్యేది.

3. బజారుకు మారిన కొనుగోలు

1889 నాటికి సికింద్రాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడ వరకు రైలుమార్గం ఏర్పడింది. ఆముదాల వంటి నూనెగింజలు ఎగుమతికి తరలగా, మిల్లు బట్ట, కిరోసిన్ లోపలికి వచ్చాయి. తెలంగాణ పల్లెల్లో కిరోసిన్‌ను 'గ్యాస్ నూనె' అన్నారు.

ఆముదం చిక్కనిది, వత్తి వెంట ఎక్కువ ఎత్తుకు పాకలేదు. అందుకే ప్రమిద లోతు తక్కువగా ఉంటుంది. కిరోసిన్ పలుచనిది కనుక, బుడ్డి అడుగున ఉన్నా వత్తి చివరకు చేరుతుంది. గాజు చిమ్నీ అమర్చితే గాలికి ఆరదు, పొగ తగ్గి వెలుగు పెరుగుతుంది. అయితే కిరోసిన్‌ను ఇంట్లో తయారుచేసుకోలేం. దానికి రొక్కం కావాలి.

1934లో నిజాం పాలనలో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు స్థాపితమైంది. ఎందరికో ఉపాధి కల్పించింది. మిల్లు బట్ట చౌక కావడంతో చేనేతకు పోటీ పెరిగింది.

4. కంట్రోలు రోజులు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బట్టకు, కిరోసిన్‌కు కొరత ఏర్పడింది. ప్రభుత్వం ధరలను, పంపిణీని నియంత్రించింది. చేతిలో డబ్బున్నా కావలసినంత కొనే వీలు లేదు. నేటికీ చౌకధరల దుకాణాన్ని మన పెద్దలు 'కంట్రోలు దుకాణం' అనడం గమనించండి.

5. మార్పు ఫలితం

వినియోగదారునికి మెరుగైన వెలుగు, చౌక బట్ట లభించాయి. అదే మార్పు గాండ్లవారి గానుగను, నేతవారి మగ్గాన్ని దెబ్బతీసింది. మిల్లు కూడా శాశ్వతం కాలేదు, 2002లో మూతపడింది. వరంగల్ జంపఖానాల నేత మాత్రం నిలిచి, 2018లో భౌగోళిక గుర్తింపు పొందింది. కాబట్టి, 'చౌకగా దొరికింది' అన్నప్పుడు ఆ చౌకదనం ఎవరి జీవనోపాధిని మార్చిందో కూడా అడగడం ఆర్థిక చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆముదం దీపానికీ కిరోసిన్ దీపానికీ నిర్మాణంలో తేడా ఎందుకు వచ్చింది?
2. మీ ఇంట్లోని పెద్దలను అడిగి, వారి చిన్నతనంలో బట్టలు, దీపపు నూనె ఎక్కడ, దేనికి బదులుగా తెచ్చుకునేవారో పది వాక్యాల్లో రాయండి.