వీడియోలో డాక్టరుగారు మసకగా కనిపిస్తే...



2000 సంవత్సరంలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారు ఉపగ్రహం సాయంతో దూరవైద్యం ప్రారంభించినప్పుడు అందరికీ అది వింత. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ ఇంటి దగ్గర ఉన్న రోగులకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోనులోనే డాక్టరుగారితో మాట్లాడవచ్చు. అయితే హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల్లో సిగ్నల్ తగ్గినచోట మాట వినబడుతుంది గాని బొమ్మ మసకబారుతుంది, లేదా ఆగిపోతుంది. ఫోను చెడిపోయిందని కంగారు పడనవసరం లేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

తారురోడ్డు మీద ట్రాక్టరు నిండా వడ్ల బస్తాలు వేస్తాము. బురద బాటలో సగమే వేస్తాము. లేకుంటే బండి దిగబడుతుంది. సెల్ టవరు చేసేదీ ఇదే. 4జీలో మన ఫోను తనకు అందే సిగ్నల్ ఎంత బాగున్నదో 0 నుండి 15 వరకు ఒక అంకెతో టవరుకు మాటిమాటికీ తెలుపుతుంది. సిగ్నల్ బాగుంటే టవరు ఒక్కొక్క సంకేతంలో 6 బిట్ల సమాచారం, అంతకంటే ఎక్కువ కూడా పంపుతుంది. బలహీనంగా ఉంటే 2 బిట్లే పంపుతుంది. వేగం తగ్గినా సమాచారం తప్పుల్లేకుండా చేరాలని ఈ ఏర్పాటు.

దారి ఇరుకైందని గమనించిన వీడియో కార్యక్రమం బొమ్మ నాణ్యతను తగ్గిస్తుంది. మాటకు సెకనుకు సుమారు 30 కిలోబిట్లు చాలు. స్పష్టమైన బొమ్మకు దానికి ఎన్నో రెట్లు కావాలి. అందుకే ముందుగా బొమ్మను వదులుకొని మాటను కాపాడుతుంది.

ఇందులో ప్రమాదమేమిటి?

మసక బొమ్మలో కన్ను పాలిపోయిందా, పచ్చబడిందా, పుండు చుట్టూ ఎరుపు ఎంత వ్యాపించింది అన్నది సరిగా తెలియదు. బిడ్డ డొక్కలు ఎగరవేస్తున్నా ఆగి ఆగి వచ్చే బొమ్మలో కనబడకపోవచ్చు. డాక్టరుగారు చూశారు కదా అని మనం ధీమాగా ఉండరాదు.

మనం చేయవలసినవి:

1. బొమ్మ ఆగితే ఆ సంగతి వెంటనే డాక్టరుగారికి చెప్పండి.

2. గది లోపల నుండి వాకిట్లోకి గాని, డాబా మీదకు గాని రండి. గోడలు సిగ్నల్‌ను తగ్గిస్తాయి.

3. వీడియో ఆపి మాటతోనే కొనసాగించండి. ఎన్నాళ్ళ నుండి బాధ ఉన్నదో, ఏ మందులు వాడుతున్నారో చెప్పండి.

4. పుండు, దద్దురు వంటివి పగటి వెలుతురులో ఫోటో తీసి పంపండి. ఫోటోలో దారిలో పోయిన భాగాలను ఫోను మళ్ళీ పంపగలదు గనుక ఆలస్యమైనా పూర్తిగా చేరుతుంది. ఎదురెదురుగా సాగే సంభాషణలో అంత సమయముండదు.

గుండె నొప్పి, ఆయాసం, ఫిట్స్, పాముకాటు, గర్భిణికి రక్తస్రావం వంటివాటికి వీడియో కోసం ఎదురు చూడవద్దు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి రండి.

దేవుడు మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.