బిడ్డ పేరు చెప్పవచ్చా?

బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారికైనా, మీకైనా ఈ చట్టం ఒక్కటే.

లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫొటో, చిరునామా, చదివే బడి వివరాలు పత్రికల్లో రాకూడదని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. లోకనింద నుండి కాపాడడమే దీని ఉద్దేశం.

మరి ఆ బిడ్డను చంపివేస్తే? పేరు చెప్పి న్యాయం అడగాలని తల్లిదండ్రులు కోరుకోవచ్చు. కాని వారి అంగీకారం ఒక్కటే చాలదనీ, తగిన కారణం ఉందో లేదో న్యాయమూర్తే నిర్ణయించాలనీ 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరణించినవారికీ గౌరవం ఉంటుందని వివరించింది.

ఐర్లండులోనైతే హత్యకు గురైన పిల్లల పేర్లు ప్రకటించరాదన్న నిషేధాన్ని, కుటుంబాలు పోరాడగా, 2021లో చట్టం మార్చి తొలగించారు.

మన దేశంలో అనుమతి కోరే దరఖాస్తుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. అక్కడ స్త్రీలకు న్యాయసహాయం ఉచితం.

ఆలోచించండి: పేరు దాచడం ఎప్పుడు రక్షణ, ఎప్పుడు భారం?