పాచి గోకే ముందు పైకప్పు ఏమిటో చూడాలి

వర్షాకాలం గడిచేసరికి పెంకుల వాలు నల్లబడటం, గోడల అడుగున పచ్చని పాచి పట్టడం, గది మూలలలో బూజు వాసన రావడం బరంపురం, పర్లాకిమిడి మొదలుకొని యానాం వరకు గల పల్లెలలో ఏటా కనిపించేదే. పండుగకు వెల్ల వేసే ముందు వీటిని గోకివేయడం వాడుక. అయితే అన్ని కప్పులనూ ఒకే రీతిగా గోకడం ఇంటికీ, ఊపిరితిత్తులకూ చేటు.

పాచి, నాచు నీడలోనూ తేమలోనూ పెరిగే చిన్న మొక్కల వంటివి. బూజు ఒక శిలీంధ్రం. పెంకులపై బూడిదరంగు మచ్చలుగా అంటుకొని ఉండేవి లైకెన్లు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి జీవించే రూపమిది. మసాలాలో వేసే రాతిపువ్వు, తమిళులు కల్పాసి అనీ, మరాఠీవారు దగడ్ ఫూల్ అనీ పిలిచేది, ఈ జాతిదే. ఇంటికప్పు మీది వాటిని మాత్రం వంటకు వాడరాదు. లైకెన్ల పోగులు పెంకు రంధ్రాలలోకి చొచ్చుకుపోతాయి. అందుచేత బలవంతంగా పెరికితే పెంకు పైపొర కూడా ఊడివస్తుంది.

మట్టిపెంకులకు, సిమెంటు పూత గోడలకు, శ్లాబుకు బ్లీచింగ్ పౌడరు చాలును. 10 లీటర్ల నీటిలో సుమారు 250 గ్రాములు కలిపి, అరగంట ఆగి, పైన తేరిన నీటిని చల్లాలి. 20 నిమిషాల తరువాత కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. లైకెన్లు వెంటనే ఊడవు. అవి చచ్చి, ఎండి, కొన్ని వారాలకు తామే రాలిపోతాయి. ఇనుప రేకులకు బ్లీచింగ్ తగదు, తుప్పు పడుతుంది. వాటికి సబ్బునీరే మేలు.

బ్లీచింగ్ నీటిలో మరుగుదొడ్డి యాసిడ్‌ను ఎన్నడూ కలపరాదు. విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. కడిగిన నీరు బావిలోకి, పశువుల కుడితి తొట్టిలోకి పోకుండా చూడాలి.

అన్నిటికంటె జాగ్రత్త వహించవలసినది పాత సిమెంటు రేకుల విషయంలో. వీటిలో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. పొడిగా గోకినా, ఇనుప బ్రష్‌తో రుద్దినా, జోరుగా నీరు కొట్టినా కంటికి కనబడని ఆ నార విడివడి శ్వాసలో చేరుతుంది. దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, ఆస్బెస్టోసిస్ అనేక సంవత్సరాల తరువాత గాని బయటపడవు. కారని రేకును పాచి ఉన్నా కదపకుండా ఉంచడమే క్షేమం. విరిగిన ముక్కలను కోయడం, దంచి బాటలో పోయడం కూడదు. పాత రేకు మనిషి బరువును ఆపదు గనుక దానిపై కాలు మోపరాదు.

కడగడం తాత్కాలికమే. తేమ మిగిలినంతకాలం పాచి తిరిగి వస్తూనే ఉంటుంది. కప్పుమీదికి వాలిన కొమ్మలు నరికి ఎండ తగిలేటట్లు చేయాలి, రాలిన ఆకులు ఊడ్చాలి, పగిలిన పెంకు మార్చాలి. గది లోపలి బూజును తడిగుడ్డతో తుడిచి, గోడ పూర్తిగా ఆరిన పిదపనే సున్నం వేయాలి. సున్నపు క్షారగుణం బూజును కొంతకాలం నిరోధిస్తుంది. తడిగోడపై రంగు వేస్తే లోపలి తేమ దాగుతుందే కాని పోదు.