దగ్గర కూర్చునే మనిషి: సుహ్‌బత్ అంటే ఏమిటి?



ప్రతి ఏటా ఈ సంచికలో మేము మీకు లెక్క చెబుతాం. జకాత్ ఎంత వచ్చింది, ఎందరికి పింఛను అందింది, ఎందరు పిల్లల ఫీజులు కట్టాం, రమజానులో ఎన్ని రేషన్ సంచులు పంచాం అన్న వివరాలన్నీ వేరే పేజీల్లో ఉన్నాయి. లెక్కల పుస్తకంలో రాయడానికి వీలులేని ఒక సంగతి మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము నెలనెలా పింఛను, రేషన్ పంపే ఇళ్లలో ఒక వృద్ధుడి ఇల్లు ఉంది. ఒకప్పుడు దర్జీ పని చేసేవారు. భార్య పోయాక ఒంటరివారయ్యారు. మా కుర్రాడు నెలకోసారి వెళ్లి సంచీ దింపి, డబ్బు చేతిలో పెట్టి, సంతకం తీసుకుని వచ్చేవాడు. పదకొండు నెలలు ఇలాగే గడిచాయి. పన్నెండో నెల ఆ పెద్దాయన, "బాబూ, ఐదు నిమిషాలు కూచుని పోతావా?" అని అడిగారు. ఆ రోజు మావాడు ఇంకా చాలా ఇళ్లు తిరగాలి. అయినా కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది. భార్య పోయినప్పటి నుంచి ఆయన మస్జిదుకు వెళ్లడం మానేశారు. అల్లాహ్ తనను వదిలేశాడని అనుకుంటున్నారు. మేమిచ్చే పింఛనులో సగం తావీజులు కట్టే ఒకాయనకు ఇచ్చేస్తున్నారు, మనసు కుదుటపడుతుందన్న ఆశతో.

మా రిజిస్టరులో ఆయన పేరు ఎదుట పదకొండు సంతకాలున్నాయి. ఒక్క నెల కూడా తప్పలేదు. కానీ ఆ పదకొండు సార్లూ ఆయన పక్కన కూర్చున్నవారు లేరు. తప్పు ఆ కుర్రాడిది కాదు, మాది. సంచీ చేరిందా అనే అడిగాం గాని, మనిషి ఎలా ఉన్నాడని అడగలేదు.

మన దీన్‌లో ఈ లోటుకు మందు కొత్తగా వెతుక్కోవలసినది కాదు. దాని పేరు సుహ్‌బత్. అంటే సాంగత్యం, తోడుగా ఉండటం. దైవప్రవక్త ముహమ్మద్ (స) అనుచరులను మనం సహాబా అంటాం. ఆ మాట కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది. ఆ తరం ఎంత నమాజు చేసినా, ఎంత దానం చేసినా, వారికి మిగిలిన బిరుదు మాత్రం "తోడున్నవారు" అనే.

సల్మాన్ (రజి) చేసిన పని

క్రీ.శ. 622లో హిజ్రత్ తరువాత మదీనాలో ప్రవక్త (స) ముస్లిములను ఇద్దరిద్దరిని సోదరులుగా జతపరిచారు. సల్మాన్ ఫారసీ (రజి), అబూ దర్దా (రజి) అలాంటి ఒక జత. ఒకరోజు సల్మాన్ (రజి) ఆ ఇంటికి వెళ్లారు. ఇల్లాలు బాగా నలిగిన బట్టల్లో కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరుడికి ఈ లోకంతో పని లేకుండా పోయిందని అర్థం వచ్చేలా చెప్పారు. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు.

సల్మాన్ (రజి) ఆయనకు ప్రసంగం చేయలేదు. భోజనం పెడితే, నువ్వు తినందే నేను తిననన్నారు. రాత్రి అక్కడే ఉండిపోయారు. అబూ దర్దా (రజి) నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్లీ లేస్తే మళ్లీ పడుకోమన్నారు. రాత్రి చివరి ఘడియల్లో తామే లేపారు. ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తరువాతే చెప్పారు: నీ ప్రభువుకు నీమీద హక్కుంది, నీ ప్రాణానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని. సంగతి ప్రవక్త (స) దాకా వెళ్లింది. సల్మాన్ చెప్పినది నిజమేనని ఆయన సమర్థించారు.

ఇందులో వరుస గమనించండి. ముందు ఇంటి పరిస్థితిని చూశారు. తరువాత కలిసి తిన్నారు, అక్కడే పడుకున్నారు, పక్కన నిలబడి నమాజు చేశారు. సలహా అన్నిటికన్నా చివర వచ్చింది. మనం సాధారణంగా సలహాతో మొదలుపెడతాం.

హంజలా (రజి) దిగులు

రెండో సంఘటన ఇంకా మనకు దగ్గరిది. హంజలా (రజి) దారిలో అబూబకర్ (రజి)కి ఎదురుపడి, తాను కపటిగా మారిపోయానని వాపోయారు. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నంతసేపూ స్వర్గం, నరకం కళ్లెదుటే ఉన్నట్లుంటాయి. ఇంటికి వెళ్లి ఆలుబిడ్డల్లో, పనుల్లో పడగానే చాలావరకు మరిచిపోతున్నానన్నది ఆయన బాధ. అబూబకర్ (రజి) ఆయనను మందలించలేదు. తన పరిస్థితీ అంతేనన్నారు. ఇద్దరూ కలిసి ప్రవక్త (స) దగ్గరకు వెళ్లారు. మనిషికి ఒక ఘడియ అలా ఉంటుంది, ఒక ఘడియ ఇలా ఉంటుందని ఆయన వారిని ఊరడించారు.

మనసులో మాట చెప్పుకోవడానికి ఒకరుండటం, విన్నవారు తీర్పు చెప్పకుండా తమ లోటునూ ఒప్పుకోవడం, తమకు తెలియనిచోట తెలిసినవారి దగ్గరకు ఇద్దరూ కలిసి నడవడం. ఆధ్యాత్మిక మార్గదర్శనం గురించి ఎన్ని గ్రంథాలున్నా సారం ఈ మూడు అడుగుల్లోనే ఉందని మాకనిపిస్తుంది.

గురువు, మిత్రుడు

ఇమామ్ గజాలీ (1058–1111) ఇహ్యా ఉలూముద్దీన్‌లో, మనిషి తన లోపాలను తెలుసుకోవడానికి నాలుగు దారులున్నాయని రాశారు. ఒకటి, మనసు రోగాలు ఎరిగిన గురువు. రెండు, నిజం చెప్పే మిత్రుడు. మూడు, శత్రువుల నోటి మాట. నాలుగు, నలుగురిలో తిరుగుతూ వారిలో కనిపించిన తప్పు తనలో ఉందేమో చూసుకోవడం. మొదటి రెండూ తన కాలంలోనే అరుదైపోయాయని ఆయన బాధపడ్డారు. విశ్వాసి విశ్వాసికి అద్దం అన్న హదీసు భావమూ ఇదే. అద్దం మన మొహం మీది మరకను మనకే చూపిస్తుంది. వీధిలో చాటదు.

మన దేశంలో ఖాన్‌ఖాలు ఈ పనినే చేశాయి. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) దగ్గర లంగరులో అన్నమూ దొరికేది, చెప్పుకునే దుఃఖానికి వినే చెవీ దొరికేది. ఆయన శిష్యుడు, కవి అమీర్ హసన్ సిజ్జీ 1308 నుంచి 1322 వరకు జరిగిన 188 మజ్లిసుల సంభాషణలను ఫవాయిదుల్ ఫువాద్ పేరుతో గ్రంథస్థం చేశారు. అది ఉపన్యాసాల పుస్తకం కాదు, వచ్చినవారితో మాట్లాడిన మాటల పుస్తకం. అదే చిష్తీ పరంపర హజ్రత్ బందే నవాజ్ (మరణం 1422) ద్వారా గుల్బర్గాకు చేరింది. హైదరాబాదు నాంపల్లిలో యూసుఫైన్ దర్గాను మీలో చాలామంది చూసే ఉంటారు. హజ్రత్ యూసుఫ్, హజ్రత్ షరీఫ్ ఔరంగజేబు సైన్యంతో దక్కనుకు వచ్చిన ఇద్దరు మిత్రులని, ఒకే గురువు శిష్యులని చెబుతారు. ఇద్దరూ పక్కపక్కనే విశ్రమించారు. సుహ్‌బత్ అన్న మాటకు అర్థం అడిగే పిల్లలకు ఆ రెండు సమాధులు చూపించవచ్చు.

పీరీ మురీదీ విషయంలో మన సభ్యుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి మేము వెళ్లడం లేదు. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చోవాలన్న దాంట్లో ఎవరికీ భేదం లేదు. వలస్ర్ సూరాలో నష్టపోనివారి గుణాలు చెబుతూ, సత్యాన్నీ సహనాన్నీ ఒకరికొకరు బోధించుకోవడాన్ని అల్లాహ్ కలిపాడు. అది ఒంటరిగా చేసే పని కాదు.

మేము పెట్టుకున్న నియమాలు

పక్కన కూర్చోవడంలోనూ ప్రమాదాలున్నాయి. బాధలో ఉన్న మనిషి ఎవరు ఏం చెప్పినా నమ్ముతాడు. తావీజుల వ్యాపారం నడిచేది అందుకే. అందువల్ల ఇళ్లకు వెళ్లేవారికి కొన్ని నియమాలు పెట్టాం.

ఒకటి, మాట్లాడటం కన్నా వినడం ఎక్కువ. మాటలు లేనప్పుడు కలిసి కాసేపు జిక్ర్ చేసినా, ఊరికే కూర్చున్నా చాలు.

రెండు, విన్నది అమానత్. కమిటీకి కూడా చెప్పరాదు. ప్రాణాపాయం ఉన్నదనిపిస్తే మాత్రం వెంటనే సాయం పిలవాలి.

మూడు, ఫత్వా చెప్పరాదు. మసాయిల్ అడిగితే ఆలిమ్ దగ్గరకు తీసుకువెళ్లాలి.

నాలుగు, నిద్ర, తిండి మానేసి చావు మాటలు మాట్లాడేవారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. మనసు జబ్బు ఈమాన్ తక్కువై వచ్చేది కాదు. జ్వరానికి మందు వేసుకున్నట్లే దీనికీ వేసుకోవాలి.

ఐదు, స్త్రీల దగ్గరకు స్త్రీలే వెళ్లాలి. ఎవరి దగ్గరా పైసా తీసుకోరాదు, కానుక కూడా.

ఆరు, ఇంటి భాషలోనే మాట్లాడాలి. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు. ఉర్దూ బయాన్ గౌరవంగా వింటారు గాని, ఏడుపు వచ్చేది తెలుగులోనే. ఏ భాషలో ఏడుస్తారో ఆ భాషలోనే ఓదార్చాలి.

మీ దగ్గర అడిగేది

ఇప్పుడు ఒక్కో కార్యకర్తకు ఇచ్చే ఇళ్లు తగ్గించాం. అందువల్ల మనుషులు చాలడం లేదు. దాతలారా, మీ డబ్బు మాకు ఎప్పుడూ అవసరమే. కానీ ఈసారి నెలకు ఒక సాయంత్రం కూడా అడుగుతున్నాం. అసర్ నుంచి మగ్రిబ్ వరకు, ఒక్క ఇంట్లో. చిరునవ్వు కూడా సదఖాయేనని నేర్చుకున్న ఉమ్మత్ మనది. ఆ కాస్త సమయం ఇంకెంత సదఖా!

ఆ పెద్దాయన సంగతి అడుగుతారేమో. అన్నీ చక్కబడ్డాయని చెప్పలేం. తావీజులాయన దగ్గరకు వెళ్లడం మానేశారు. కొన్ని జుమాలకు వస్తున్నారు, కొన్నింటికి రావడం లేదు. రాని వారం మావాడు వెళ్లి పక్కన కూర్చుంటున్నాడు. ఎందుకు రాలేదని అడగడు. ఇద్దరూ టీ తాగుతారు. మొన్న ఒకరోజు ఆయనే, "పద, మగ్రిబ్‌కు వేళయింది" అని లేచారట.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఒంటరిగా ఉన్న ప్రతి ప్రాణికీ ఒక మంచి తోడును ప్రసాదించుగాక. ఆ తోడు మనమే అయ్యే భాగ్యాన్ని కలిగించుగాక. ఆమీన్.