దొరికిన ఇంటికే పన్ను

స్పెయిన్‌ సముద్ర తీరంలో 12 లక్షల యూరోల విల్లా ఒకటుందనుకుందాం. దాని మీద అప్పు లేదు. యజమాని ఆ దేశంలో ఉండడు. ఉద్యోగం ఏ లండన్‌లోనో, దుబాయ్‌లోనో; ఎండ కోసం ఏడాదికి నాలుగు వారాలు వచ్చిపోతాడు. ఇల్లు ఒక్కడి పేరునే ఉంటే స్పెయిన్‌ జాతీయ స్లాబుల ప్రకారం 7 లక్షల యూరోల మినహాయింపు పోను, మిగిలిన 5 లక్షల మీద ఏటా సుమారు 1,660 యూరోల సంపద పన్ను పడుతుంది. అదే ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా చెరిసగం రిజిస్టరై ఉంటే ఒక్కొక్కరి వాటా 6 లక్షలే గనుక ఒక్క సెంటు కట్టక్కర్లేదు. ఆ విల్లా మార్బెయా పట్టణంలో ఉంటే ఎందరి పేరున ఉన్నా పన్ను సున్నాయే. ఆ పట్టణమున్న ఆండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం 2022లో ఈ పన్నును నూటికి నూరు శాతం మాఫీ చేసింది. అక్కడ 30 లక్షల యూరోలు దాటిన ఆసాముల జోలికే పన్ను వెళ్తుంది. విల్లా విలువ మారలేదు, యజమాని తాహతు మారలేదు. పన్ను మాత్రం దస్తావేజులో పేర్లను బట్టీ, ఊరిని బట్టీ మారిపోయింది. ఉన్నవాడి దగ్గర ఉన్నంతను బట్టి వసూలు చేస్తామన్న పన్నుకు ఇదేం తీరు?

తిరకాసంతా ఒక్కచోట మొదలవుతుంది. సంపద పన్ను వేసే దేశం తన గడ్డ మీద నివసించేవాడికి ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏముందో చాలావరకు లెక్కలోకి తెచ్చుకుంటుంది. బయట ఉండేవాడి విషయంలో దాని చూపు సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. ఫ్రాన్స్‌ లెక్కే చూడండి. అక్కడ స్థిరాస్తి నికర విలువ 13 లక్షల యూరోలు దాటితే పన్ను మొదలవుతుంది. ఒకసారి దాటాక 8 లక్షల దగ్గర్నుంచీ లెక్కగట్టి 0.5 శాతంతో మొదలుపెట్టి, కోటి యూరోల పైన 1.5 శాతం దాకా వేస్తారు. న్యూయార్క్‌లో వందల కోట్ల డాలర్ల షేర్లున్న ఆసామి పారిస్‌లో 12 లక్షల ఫ్లాటు కొంటే ఈ పన్ను అతన్ని తాకదు. బ్రిటన్‌లో అద్దె ఇంట్లో ఉంటూ జీవితకాలపు పొదుపంతా ప్రొవాన్స్‌లో 15 లక్షల ఇంట్లో పెట్టిన రిటైర్డ్‌ దంపతులకు మాత్రం ఏటా 3,900 యూరోలు పడతాయి. ఇద్దరిలో ఎవరు ధనవంతులో చిన్నపిల్లవాడైనా చెబుతాడు, పన్ను పుస్తకం చెప్పలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెత ఇక్కడ అక్షరాలా చట్టమైంది. బయటివారి ఇళ్ల మీద పన్ను వేయాల్సిందే, గట్టిగానే వేయాలి. కానీ ఆ పన్నును మనిషి సంపద పేరుతో వేయడం దండగ అంటాను. ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా, తాళం పడి ఉందా అన్నది చూసి వేస్తే దానికో న్యాయం ఉంటుంది.

సంపద పన్ను ఇలా ఇంటి దగ్గరికి కుంచించుకుపోవడం ఒక్కరోజులో జరిగింది కాదు. 1990లో ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) సభ్యదేశాల్లో 12 ఈ పన్ను వేసేవి. 2017 నాటికి ఫ్రాన్స్‌, స్పెయిన్‌, నార్వే, స్విట్జర్లాండ్‌ నాలుగే మిగిలాయి. ఆస్ట్రియా, డెన్మార్క్‌, జర్మనీ, ఫిన్లాండ్‌, స్వీడన్‌ ఒకదాని వెనక ఒకటి వదిలేశాయి. వీటిలో జర్మనీ కథ మన వాదనకు దగ్గరిది. అక్కడ ఇళ్లూ స్థలాలూ 1964 నాటి పాత విలువలతోనూ, షేర్లూ డిపాజిట్లూ నేటి ధరలతోనూ లెక్కకు వచ్చేవి. ఒకే పన్ను రెండు కొలతలతో కొలవడం సమానత్వానికి విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం 1995లో తేల్చింది. కొత్త విలువలు కట్టే ఓపిక లేక ప్రభుత్వం 1997 నుంచి పన్నే వసూలు చేయడం మానేసింది. ఫ్రాన్స్‌ ఇంకో దారి పట్టింది. షేర్లూ వ్యాపారాలూ ఉన్నవాళ్లు దేశం విడిచిపోతున్నారన్న వాదనతో మాక్రాన్‌ ప్రభుత్వం 2018 జనవరి నుంచి పాత సంపద పన్నును రద్దుచేసి, స్థిరాస్తికి మాత్రం ఉంచింది. 400 కోట్ల యూరోలకు పైగా వచ్చే రాబడి సుమారు 130 కోట్లకు పడిపోయింది. పోగలిగినదాన్ని వదిలేసి, పోలేనిదాన్ని పట్టుకున్నారన్నమాట. దేశంలో ఉండేవాడికి అది కనీసం ఉన్న పన్నులో కోత. బయట ఉండేవాడికి అక్కడున్నది సాధారణంగా ఇల్లే కాబట్టి ఆ కోత వల్ల ఒరిగింది పెద్దగా లేదు.

ఇల్లు కదలదు సరే, దాని విలువ కాగితం మీద కదులుతుంది. పన్ను పడేది నికర విలువ మీద. అంటే ధరలోంచి ఇంటి అప్పు తీసేస్తే మిగిలేదాని మీద. చేతిలో డబ్బున్నా బ్యాంకు రుణం తీసుకుని కొని, ఆ డబ్బును ఇంకో దేశంలో బాండ్లలో పెడితే పన్ను కరిగిపోతుంది. ఈ విద్య అలవడటానికి సలహాదారు కావాలి, సలహాదారుకు ఫీజు కావాలి. ఉన్నదంతా ఊడ్చి నగదుతో కొన్న పింఛనుదారు పూర్తి విలువ మీద కడతాడు. ఫ్రాన్స్‌ ఈ కన్నాలు పూడ్చడానికి పెట్టిన నిబంధనలు చదివితే జనం ఎన్ని దారులు తొక్కారో అర్థమవుతుంది. అసలంతా చివర్లో ఒకేసారి తీర్చే రుణం తీసుకుంటే, ఏటా కొంత తీరుతున్నట్టే ఊహించి తగ్గిస్తారు. సొంత కుటుంబం దగ్గర చేసిన అప్పును అనుమానంతో చూస్తారు. ఆస్తి 50 లక్షల యూరోలు దాటి, అప్పు దానిలో 60 శాతం మించితే, మించినదాంట్లో సగమే ఒప్పుకుంటారు. కంపెనీ పేరున ఇల్లు పెడితే ఆ కంపెనీ వెనక ఎవరున్నారో చెప్పాలి. చెప్పకపోతే ఏటా మార్కెట్‌ విలువలో 3 శాతం చెల్లించుకోవాలి. స్పెయిన్‌లో అయితే విదేశీ కంపెనీ ద్వారా ఇల్లు కొన్నవాడు చాలాకాలం సంపద పన్నుకు అందలేదు. 2022 డిసెంబరు చట్టంతో, కంపెనీ ఆస్తిలో సగమైనా స్పెయిన్‌లోని స్థిరాస్తి అయితే ఆ వాటాలు స్పెయిన్‌లో ఉన్నట్టే లెక్క అన్నారు. అక్కడా రెండు దేశాల మధ్య ఒప్పందం ఏమంటుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

అదే చట్టం 30 లక్షల యూరోలు దాటిన సంపద మీద ‘సంఘీభావ పన్ను’ కూడా తెచ్చింది. మాడ్రిడ్‌, ఆండలూసియా ప్రాంతాలు మాఫీ చేసినదాన్ని కేంద్రం వెనక తలుపు నుంచి రాబట్టుకోవడమే దాని అసలు ఉద్దేశం. తొలి ఏడాది సుమారు 12 వేల మంది కలిసి 62 కోట్ల యూరోలు కట్టారు. అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు. రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం 2023 నవంబరులో దీన్ని సమర్థించింది.

ఆదాయంతో ముడిపడ్డ రక్షణ మరో చిక్కు. స్పెయిన్‌లో నివసించేవాడి ఆదాయ పన్ను, సంపద పన్ను కలిపి అతని ఆదాయంలో 60 శాతం దాటకూడదని పరిమితి ఉంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి గీత 75 శాతం దగ్గర ఉంది. రెండు చట్టాలూ ఈ గొడుగును నివాసుల కోసమే రాసుకున్నాయి. కారణం అడిగితే జవాబు సిద్ధంగా ఉంది: బయటివాడి ఆదాయం మాకు తెలియదు కదా! తెలియదన్నది నిజమే. మరి ఆ తెలియనితనం రక్షణ ఇవ్వడానికి అడ్డొచ్చినప్పుడు, పన్ను వేయడానికి ఎందుకు అడ్డు రాలేదు? తాహతు తెలియకుండా తాహతు పన్ను వేయడం కుదిరితే, తాహతు పరిమితీ కుదరాలి. ఈ వివాదం స్పెయిన్‌లో న్యాయస్థానాల దాకా వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. వారసత్వ పన్ను విషయంలో బయటివారికి ప్రాంతీయ రాయితీలు ఇవ్వకపోవడం తప్పని యూరోపియన్‌ కోర్టు 2014లోనే తీర్పిచ్చింది. దాని ప్రభావంతో సంపద పన్నులోనూ ముందు ఐరోపా వారికి, 2021 నుంచి అందరికీ ఆ రాయితీలు దక్కాయి. ఇక్కడో విచిత్రం. కాటలోనియాలో నివసించేవాడికి మినహాయింపు 5 లక్షలే. అక్కడ ఇల్లుండి బయట నివసించేవాడికి జాతీయ నిబంధనో ప్రాంతీయ నిబంధనో ఎంచుకునే వీలుంది. పరాయివాడు ఎప్పుడూ నష్టపోతాడన్న ఏడుపూ పూర్తిగా నిజం కాదు.

మొదటి అభ్యంతరం వినిపిస్తూనే ఉంది: రెండో దేశంలో ఇల్లు కొనగలిగినవాడి గురించి ఇంత బాధెందుకు? బాధ అతని గురించి కాదు. ఏడాదికి రెండు మూడు వేల యూరోలు కట్టినంత మాత్రాన ఎవరూ వీధిన పడరు. అయితే పెద్ద సంపదను తగ్గించడానికని తెచ్చిన పన్ను, పెద్ద సంపదను వదిలి మధ్యస్థ సంపదను పట్టుకుంటే, ఓడిపోయింది ఆ లక్ష్యమే. కట్టేవాడు మన జాలికి అర్హుడా కాడా అన్నది దానికి సంబంధం లేని మాట.

రెండో అభ్యంతరం బరువైనది. బయటివాళ్ల డబ్బుతో ఇళ్ల ధరలు పెరిగి స్థానికులకు కొంప దొరకడం లేదు, కాబట్టి ఏ పేరుతోనైనా సరే పన్ను వేయాలి అంటారు. 2025 జనవరిలో స్పెయిన్‌ ప్రధాని పెద్రో సాంచెజ్‌, ఐరోపా సమాఖ్య బయట నివసించేవారు ఇల్లు కొంటే ఇంటి విలువలో నూరు శాతం దాకా పన్ను వేస్తామని ప్రకటించారు. అలాంటివారు 2023లో 27 వేల ఇళ్లు కొన్నారనీ, ఉండటానికి కాక లాభం కోసమే కొన్నారనీ ఆయన ఆరోపణ. ఇళ్ల కొరత నిజమే అనుకుందాం. అప్పుడు కొలవాల్సింది ఖాళీ ఇంటిని. 15 లక్షల ఇంటిని ఏడాదంతా అద్దెకిచ్చినవాడు సంపద పన్ను కడతాడు; 6 లక్షల ఫ్లాటుకు పదకొండు నెలలు తాళం వేసుకున్నవాడు కట్టడు. కొరతను పెంచింది రెండోవాడు కదా! కెనడాలోని వాంకూవర్‌ నగరం 2017లో ఖాళీ ఇళ్ల పన్ను మొదలుపెట్టింది. ఒక శాతంతో మొదలై 2021కి 3 శాతానికి చేరింది. ఖాళీ ఇళ్లు సగానికి పైగా తగ్గాయని నగరపాలక సంస్థ లెక్క చెబుతోంది. ఆ రాష్ట్రమైన బ్రిటిష్‌ కొలంబియా 2018 నుంచి వేసే మరో పన్నులో, 2019 నుంచి 2025 దాకా పౌరులకు అర శాతమైతే విదేశీ యజమానులకు 2 శాతం చొప్పున రేటు ఉండేది. విదేశీయుడికి ఎక్కువ రేటు ఉండాలా అన్నది వాదించుకోవచ్చు. కానీ ఇంటిని అద్దెకిస్తే ఇద్దరూ తప్పించుకునే దారి తెరిచే ఉంది. పన్ను ఏ పని చేయమంటోందో కట్టేవాడికి తెలుసు.

విచిత్రమేమిటంటే ఈ తెలివి మన పాత చట్టంలోనే ఉంది. ఆర్థికవేత్త నికొలస్‌ కాల్డార్‌ సిఫారసుతో 1957లో వచ్చిన భారత సంపద పన్ను చట్టం, చివరికొచ్చేసరికి 30 లక్షల రూపాయలు దాటిన నికర సంపద మీద 1 శాతం వేసేది. విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లకు ఇక్కడి ఆస్తి మీదే పన్ను. ఒక ఇల్లు లేదా 500 చదరపు మీటర్ల లోపు స్థలం మినహాయింపు. దాంతో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండో ఇల్లు కొన్న ఎన్నారై లెక్కలోకి వచ్చేవాడు. అయితే ఆ రెండో ఇంటిని ఏడాదిలో కనీసం 300 రోజులు అద్దెకిస్తే దాన్ని సంపదలోంచే తీసేసేవారు. షేర్లు అప్పటికే బయట ఉండటంతో మిగిలింది ప్రధానంగా ఇళ్లూ నగలూ కార్లే. 2013-14లో దేశం మొత్తం మీద రూ.1,008 కోట్లు వచ్చాయి. 2015 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి అరుణ్‌ జైట్లీ దాన్ని రద్దుచేసి, కోటి రూపాయలు దాటిన ఆదాయంపై 2 శాతం అదనపు సర్‌ఛార్జి పెట్టారు. పనికొచ్చే ఆ 300 రోజుల నిబంధన కూడా చట్టంతోపాటే పోయింది. టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఈ తేడా ఏటా బిల్లులో కనిపిస్తుంది. అక్కడ సంపద పన్ను లేదు, స్థానిక ఆస్తి పన్ను ఉంది. ఏ దేశస్థుడివని అడగరు, ఇంకెక్కడ ఏముందని అడగరు. ఆ ఇంట్లోనే కాపురముంటే రాయితీ, లేకపోతే పూర్తి పన్ను.

మూడో అభ్యంతరం: బయట ఏముందో కూడా అడిగి లెక్కలోకి తీసుకోవచ్చు కదా? దీనికి స్విట్జర్లాండ్‌ ఉదాహరణ చూపిస్తారు. అక్కడ కాంటన్లు (రాష్ట్రాలు) విదేశంలోని ఇళ్ల మీద పన్ను వేయకపోయినా, రేటు నిర్ణయించడానికి ప్రపంచవ్యాప్త సంపదను అడుగుతాయి. జ్యూరిక్‌లో పనిచేసే తెలుగు ఇంజినీరు హైదరాబాద్‌ ఫ్లాటును కూడా రిటర్నులో చూపించాలి; దాని మీద పన్ను పడదు గానీ, మిగతా ఆస్తికి వర్తించే స్లాబు పెరుగుతుంది. పైన నేను తప్పుబట్టిన గుడ్డితనానికి ఇది తర్కబద్ధమైన మందే. చిక్కల్లా ఆచరణలో. దేశాల మధ్య 2014లో రూపుదిద్దుకున్న సమాచార మార్పిడి ఏర్పాటు బ్యాంకు ఖాతాల వంటి ఆర్థిక ఆస్తులకే పరిమితం, ఇళ్లకు వర్తించదు. నిజం చెప్పినవాడు ఎక్కువ కడతాడు, చెప్పనివాణ్ని పట్టుకునే సాధనం బలహీనం. ఆ స్విట్జర్లాండ్‌లోనే 2025 సెప్టెంబరు 28న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సొంతింట్లో ఉన్నందుకు అద్దె వచ్చినట్టే ఊహించి వేసే ఆదాయ పన్నును ఎత్తేయడానికి 57 శాతానికి పైగా ఓటర్లు సరేనన్నారు. దాంతోపాటే, ప్రధానంగా సొంతంగా వాడుకునే రెండో ఇళ్ల మీద ప్రత్యేక పన్ను వేసుకునే అధికారం కాంటన్లకు దక్కింది. విడిది ఇళ్లు కిక్కిరిసిన పర్వత ప్రాంతాల కాంటన్లు రాబడి పోతుందని ఈ మార్పును వ్యతిరేకించాయి. ఆ లోటు పూడ్చుకోవాలంటే, యజమాని స్విస్‌ పౌరుడైనా పరదేశి అయినా, రెండో ఇంటి మీద ఎంత వేయాలో ఇక అవే తేల్చుకోవాలి.